పన్నెండో పేరు

శెవయె అక్క వచ్చేసరికి అత్సెదె గుమ్మంలో కూచుని గోధుమలు చెరుగుతోంది. ఇంకా మూడు రోజులే ఉంది. దెబ్రె బిర్హాన్ ఊళ్ళో ఇరవై ఒకటో తారీకు మరియ తల్లి రోజు. నెలనెలా ఆ రోజున పన్నెండుమంది ఆడవాళ్ళు ఒకరింట్లో కూడి, ఆ తల్లి పేరున రొట్టె విరిచి, ఒకే గిన్నెలోంచి బార్లీ బీరు తాగుతారు. ఈ నెల వంతు అత్సెదెది. పోయిన నెల విందు కాగానే గిన్నెను వీపున కట్టుకుని, అందరూ పాడుతూ వెంట రాగా ఇంటికి తెచ్చుకుంది. గూట్లో తెల్లగుడ్డ కింద పెట్టింది. అప్పటినుంచి ఆవిడకి సరిగా నిద్ర లేదు. పిల్లి తోసేస్తుందేమో, గోడ చెమ్మకి గూడు కూలుతుందేమో అని లేచి లేచి చూసుకుంటోంది.

శెవయె అక్క ముందు గూట్లోకి తొంగిచూసి గిన్నెకి దణ్ణం పెట్టుకుంది. తర్వాత బీరు కుండ మూత తీసి వాసన చూసింది. ఈ పన్నెండుమందికీ పెద్ద ఆవిడే.

"ఈసారి బీరులో వేసే చేదాకు బాగా దంచినట్టున్నావే. చేదు తెలుస్తోంది. పోయినేడు నీ బీరు కడుగునీళ్ళలా ఉంది."

"నేను కాదక్కా, వర్కె దంచింది" అనేసి, అత్సెదె నాలుక కరుచుకుంది. పక్కింటి వర్కె ఆ పన్నెండుమందిలో ఒకతే, కాని ఈ మధ్య శెవయె అక్క దగ్గర ఆ పేరెత్తకూడదు.

శెవయె అక్క మూత పెట్టేసి పీట మీద కూచుంది. మోకాళ్ళు రెండూ చేత్తో సర్దుకుంది. "ఆ మనిషి సంగతి చెప్పడానికే వచ్చాను. ఈ ఇరవై ఒకటిన దాని పేరు తీసేయిస్తున్నాను. గురువుగారితో నేను మాట్లాడతాను. ఆ చోట్లో బట్టల కొట్టు ఫంతాయెని కూచోబెడదాం. పాపం, ఆవిడ రెండేళ్ళబట్టీ అడుగుతోంది."

చేట ఆగింది. "వర్కెని అడిగారా?"

"అడిగేదేముంది? కూతురు చెయ్యి పట్టుకుని ఆర్నెల్లుగా పెంతెకొస్తుల హాలుకి పోతోందా లేదా? వాళ్ళు మరియ తల్లిని ఏమీ అడగరు. పునీతులెవర్నీ అడగరు. వాళ్ళకెవరి సిఫారసూ అక్కర్లేదట, తిన్నగా పైవాడితోనే మాటలట! పెద్దింటికి పోయి గుమ్మంలో తల్లిని పలకరించకుండా కొడుకు గదిలోకి దూరేవాళ్ళని ఏమంటారే? అడగను అనే మనిషి, అడిగేవాళ్ళ మధ్య కూచుని ఏం చేస్తుంది, ఈగలు తోలుతుందా?"

అత్సెదె గోధుమల్లో లేని రాయి కోసం వెతికింది. 

"ఏమంటావు?"

"నేననేదేముందక్కా. మీరు పెద్దవాళ్ళు."

శెవయె అక్క వెళ్ళాక చాలాసేపు అత్సెదె చేట ముట్టలేదు. ప్రతి నెలా రొట్టె విరిచే ముందు మెర్షా గురువుగారు ఒక పాత పుస్తకం తెరిచి, పన్నెండుమందికీ బాప్తిస్మంలో పెట్టిన పేర్లు చదువుతారు. ఒక్కొక్క పేరుకీ అందరూ కలిసి "తల్లీ, ఈవిడ మాట నీ కొడుకుతో చెప్పు" అంటారు. ఆ తర్వాత ఆ ఇళ్ళలో బతికున్నవాళ్ళ పేర్లు, ఆ తర్వాత పోయినవాళ్ళవి. వర్కె కొడుకు దెసాలెన్ సైన్యంలోకి వెళ్ళి తొమ్మిదేళ్ళు. ఉత్తరం లేదు, శవమూ లేదు. అతని పేరు ఎందులో చదవాలో తెలియక గురువుగారు బతికున్నవాళ్ళవి ముగించి, ఒకసారి ఊపిరి పీల్చుకుని, అతణ్ణొక్కణ్ణీ చదివి, మళ్ళీ ఊపిరి పీల్చుకుని పోయినవాళ్ళ దగ్గరికి వెళతారు. తల్లి పేరు కొట్టేస్తే ఆ పేరూ కొట్టేస్తారు.

ఇంకొక భయం కూడా ఉంది అత్సెదెకి. అది ఎవరితోనూ చెప్పలేదు. ఆఖరి రోజున పైన పేర్లు పిలిచేటప్పుడు ఈ పన్నెండుమందినీ ఒక్క గుంపుగా పిలుస్తారని ఆవిడ నమ్మకం. ముప్ఫయ్యారేళ్ళుగా తనదీ వర్కెదీ గోడ పక్క గోడ. అక్కడికి పోయాక తనొక వైపూ వర్కె ఒక వైపూ అయితే ఎలా? ఎవరిని అడగాలి?

ఇంత మనసులో ఉండీ, "సరే అక్కా" అన్నట్టే ఊరుకుంది. అదే గొంతులో ముల్లులా ఉండిపోయింది.

*

ఇరవయ్యో తారీకు పొద్దున్నే వర్కె నీలగిరి ఆకుల మోపు నెత్తిన పెట్టుకుని, చంకలో పిడకల తట్టతో వచ్చింది. పిలవలేదు. ఎప్పుడూ పిలవరు. అత్సెదె ఇంటి రొట్టెకి వర్కె, వర్కె ఇంటి రొట్టెకి అత్సెదె. పిల్లాణ్ణి పడుకోబెట్టేంత రొట్టె అది. పెనం మీద తిప్పాలంటే నాలుగు చేతులు కావాలి.

"పిండి పొంగిందా?" 

"పొంగింది. నువ్వొచ్చి చూడు. పులుపు ఎక్కువైందేమోనని భయంగా ఉంది."

వర్కె వేలు ముంచి నాకింది. "నీకు భయం ఎక్కువైంది. పిండికేం కాలేదు." 

అత్సెదె నల్ల జీలకర్రా ధనియాలూ నలిపి వేసింది. వర్కె మట్టిపెనం కింద ఆకులు తోసి మంట వేసింది. నీలగిరి ఆకు చిటచిటమంటూ అంటుకుని, పొగ కప్పుకి ఎక్కింది. అడవి అరటి ఆకుల ఈనెలు చాకుతో తీసేసి, మంట మీద ఒక్కసారి చూపి మెత్తబరిచి, పెనం నిండా ఒకదాని మీద ఒకటి పరిచారు. ఆకు ఎక్కడ చిరిగితే అక్కడ రొట్టె అంటుకుంటుంది. వర్కె అంచులు పట్టుకుంటే అత్సెదె పిండి పోసింది. తడిచేత్తో పైన చదును చేసింది.

ఇంతవరకూ ప్రతిసారీ జరిగేదే. ఇప్పుడు అత్సెదె అరచేతి అంచుతో పిండి మీద సిలువ నొక్కి, "మరియ తల్లీ, నీ కొడుకుతో ఒక మాట చెప్పు, రొట్టె నిండుగా రావాలి" అంది. ఎప్పుడూ ఇద్దరూ కలిసి అనే మాట అది. ఈసారి ఒక్క గొంతే వినబడింది.

వర్కె ఆకులు కప్పుతూ నవ్వింది. "కొడుకు ఇక్కడే ఉన్నాడే పిచ్చిదానా. రొట్టె సంగతి ఆయనతోనే చెప్పరాదూ?"

"కానా పెళ్ళింట్లో ద్రాక్షరసం అయిపోతే ఆయనతో చెప్పిందెవరు? ఆ తల్లి కాదూ?"

"చెప్పింది. ఆవిడ ఆ పెళ్ళికి వచ్చింది గనక, చూసింది గనక చెప్పింది."

"ఇప్పుడు చూడ్డం లేదంటావా?"

వర్కె మూత మీద నిప్పులు సర్దుతూ నెమ్మదిగా అంది, "నాకు తెలీదే. పోయినవాళ్ళకి మన మాటలు వినబడతాయని నేను ఒట్టేసి చెప్పలేను ఇక. ఆ హాల్లో నాకొక్కటే నచ్చింది. నీ నోటితో నువ్వే అడుగమ్మా, ఆయన వింటాడు అన్నారు. నాలాంటి దాని మాట! మొదటిరోజు ఏం అడగాలో తెలీక గంట ఏడ్చాను. ఎవరో ఒకావిడ, పేరు కూడా తెలీదు, నా చేతులు పట్టుకుని నాతోబాటు ఏడ్చింది."

ఆ మాట విన్నాక అత్సెదెకి ఏం ముంచుకొచ్చిందో. పేరు తెలియని ఎవరో ఒకావిడ. ముప్ఫయ్యారేళ్ళు తను పట్టుకున్న చేతులు. రెండు రోజులుగా గొంతులో ఉన్న ముల్లు బయటికి రాబోయి, దాని బదులు మరో మాట వచ్చింది.

"అంటే అదన్నమాట. తొమ్మిదేళ్ళు ఆ తల్లి కాళ్ళ దగ్గర కొవ్వొత్తులు వెలిగించావు. దెసాలెన్‌ని తెచ్చివ్వలేదు. అందుకని అంగడి మార్చావు. ఇక్కడ సరుకు దొరకలేదని ఎదురుకొట్టుకి పోయినట్టు!"

వర్కె చెయ్యి నిప్పుల దగ్గర ఆగింది. మొహంలో ఏమీ కనబడలేదు. పొగ మాత్రం కనబడింది. "అడుగు కాలిన వాసనొస్తోంది. తిప్పాలి" అంది.

తిప్పక తప్పదు. ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూచున్నారు. నిప్పులు దించి, మూత తీసి, చేతులకి గుడ్డలు చుట్టుకుని ఆకుల కిందికి వేళ్ళు పోనిచ్చారు. మామూలుగా "ఒకటి, రెండు, మరియా!" అని తిప్పుతారు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. వర్కె గడ్డం కొంచెం పైకెత్తింది. అత్సెదె చూసింది. రొట్టె గాలిలో లేచి, తిరిగి, చప్పుడు లేకుండా పెనం మీద కూచుంది. ఒక్క ఆకు చిరగలేదు. ఇంత చక్కగా ఎన్నడూ తిరగలేదు.

వర్కె గుడ్డలు విప్పి, మడతపెట్టి, పీట మీద పెట్టింది. చేతులు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయింది.

అత్సెదె ఆ సాయంత్రం రెండుసార్లు గోడ దాకా వెళ్ళింది. అవతల వర్కె కూతురు మర్తా బట్టలు ఆరేస్తూ ఏదో పాట పాడుకుంటోంది. "మీ అమ్మ ఉందా?" అంటే, "తలనొప్పని పడుకుంది పిన్నీ, లేపనా?" అంది. "వద్దులే" అని వెనక్కొచ్చింది.

*

ఇరవై ఒకటిన మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. నేల మీద పచ్చగడ్డి పరిచారు. సాంబ్రాణి వేశారు. తెల్ల శాలువాల్లో పదకొండుమంది గోడ చుట్టూ కూచున్నారు. శెవయె అక్క పెద్దరికానికి తగ్గట్టు తలుపు పక్కనే కూచుంది, వచ్చేవాళ్ళని చూడొచ్చని. ఫంతాయె కొత్తబట్టల్లో, మెట్టినింటికి కొత్తగా వచ్చిన పిల్లలా మూలన ఒదిగి ఉంది. చేతిలో తేనె సీసా.

మెర్షా గురువుగారు రొట్టె చుట్టూ తిరిగి చూశారు. "ఇదేమిటమ్మా, రొట్టె కాల్చావా, చంద్రుణ్ణి దించావా?" 

అందరూ నవ్వారు. అత్సెదె నవ్వలేదు. 

శెవయె అక్క గొంతు సవరించుకుంది. "గురువుగారూ, పుస్తకం తెరిచే ముందు ఒక మాట. వర్కె పేరు..."

"చెబుదువుగాని తల్లీ. ముందు అడగాల్సింది అడగనియ్యి." ఆయన గిన్నె మీది గుడ్డ మీద చెయ్యి పెట్టి, ప్రతి నెలా అడిగే మాటే అడిగారు. "ఈ గిన్నె ముట్టబోయేవాళ్ళలో ఎవరికైనా ఎవరితోనైనా తగువుందా? మనసులో మాట దాచుకుని తాగకూడదు."

ప్రతి నెలా అందరూ కలిసి "లేదు, శాంతి" అంటారు. ఆ మాట అనేసి ఎవరి శాలువా వాళ్ళు సర్దుకుంటారు. ఈసారి పదిమందే అన్నారు. 

"నాకుంది" అంది అత్సెదె. చేతులు ఒళ్ళో ఒకదాని కింద ఒకటి దాచుకుంది.

"ఎవరితోనమ్మా?"

"వర్కెతో."

శెవయె అక్క అరచేత్తో తొడ చరుచుకుంది. "వర్కెతోనా! ఆవిడ మనలో లేనే లేదు. బయటివాళ్ళతో తగువు లెక్కలోకి రాదు."

"ఎప్పటినుంచి లేదక్కా? పుస్తకంలో ఉందిగా ఇంకా. ఉన్నంతసేపూ ఉన్నట్టే." ఇంత గట్టిగా శెవయె అక్కకి ఎదురు చెప్పడం అత్సెదెకి జన్మలో ఇదే మొదలు. "నేను దాన్ని అనకూడని మాట అన్నాను గురువుగారూ. ఆ మాట నోట్లో పెట్టుకుని గిన్నె ఎత్తలేను. నేను ఎత్తకపోతే మీకెవరికీ అందదు."

గురువుగారు గడ్డం నిమురుకున్నారు. గిన్నె మొదట ఇంటావిడ ఎత్తాలి. అది ఆయనకీ తెలుసు, అందరికీ తెలుసు. "అయితే ఆవిణ్ణి పిలవండి. బీరు పులిసిపోతుంది."

వర్కె గోడ పక్కనుంచి వచ్చేందుకు ఎంతోసేపు పట్టలేదు. ఇంట్లో కట్టుకునే గళ్ళచీటీ గౌనులోనే వచ్చింది. గడప బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది.

తప్పు చేసినవాళ్ళు మెడ మీద రాయి పెట్టుకుని వంగి క్షమాపణ అడగడం అక్కడి పద్ధతి. ఆ పెట్టుకునేదేదో పిడికెడు రాయి పెట్టుకుంటే సరిపోతుంది. అత్సెదె కంగారులో వాకిట్లోకి పోయి, బట్టలుతికే బండ పక్కనున్న రాయెత్తి మెడ మీదికి ఎక్కించుకుంది. రెండడుగులు వేసేసరికి మోకాళ్ళు వంగిపోయాయి.

"ఓసి నీ తెలివి మండ!" అంది వర్కె. "ఇల్లు కడతావా ఏంటి దాంతో? దించు, నడుం విరుగుతుంది."

"నువ్వు క్షమిస్తే దించుతాను."

"ముందు దించు, తర్వాత క్షమిస్తాను."

"అట్లా కుదరదు. అడగనీ నన్ను." రాయి కింద అత్సెదె మొహం ఎర్రబడింది. ఆ ఊళ్ళో క్షమాపణ అడిగేటప్పుడు ఎవరైనా "మరియ తల్లి కోసం" అనే అంటారు. పోట్లాడుకున్న మొగాళ్ళూ అదే అంటారు, మేకలు తోలుకునే పిల్లలూ అదే అంటారు. అత్సెదె నోటిదాకా ఆ మాటే వచ్చింది. అందరూ దానికోసమే చూస్తున్నారు. ఆవిడ వర్కె పాదాల వంక చూసి, ఆగి, మింగి, "క్రీస్తు కోసం" అంది. "క్రీస్తు కోసం నన్ను క్షమించవే. నీ బిడ్డ పేరు ఎత్తి అలా అనకూడదు."

శెవయె అక్క "హుఁ" అంది.

వర్కె ఆ మాట విని, అకస్మాత్తుగా రెండు చేతులూ చాచి రాయి లాక్కుని పక్కన పడేసింది. అత్సెదె భుజాలు పట్టుకుంది. ఇటు చెంపా అటు చెంపా, మళ్ళీ ఇటు చెంపా ఆనించింది. "క్షమించాను. ఎప్పుడో క్షమించాను. రాత్రి చేతుల మీది పిండివాసనకి నిద్ర పట్టక అప్పుడే క్షమించాను. అంగడి మార్చానన్నావు చూడు, అది కొంచెం నిజమేనే. మొదట అందుకే పోయాను. ఇప్పుడు అందుకు కాదు."

గురువుగారు పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. "వర్కె తల్లీ, వచ్చావు గనక నిన్నే అడుగుతాను. నీ చోటు నీకు కావాలా?"

శెవయె అక్క నిటారుగా కూచుంది. అత్సెదె మనసులోనే వేడుకుంది. అవునను, అవునని ఒక్క మాట అను.

"వద్దు గురువుగారూ" అంది వర్కె. 

అత్సెదె కళ్ళు మూసుకుంది.

"నేను అడగలేని మాట, అడిగినట్టు నోరు కదిపి కూచోలేను. అది ఆ తల్లికీ మర్యాద కాదు, నాకూ కాదు. ఫంతాయె మంచిది. కూచోనివ్వండి."

"చోటు సంగతి అయింది. పేరు సంగతి? నీ పేరూ, నీ ఇంటివాళ్ళ పేర్లూ ఇందులో ఉన్నాయి. తీసేయమంటావా?"

ఈ ప్రశ్న ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వర్కె ద్వారబంధం పట్టుకుంది. వాకిట్లో కోడి ఒకటి కొక్కొక్కోమని ఊరుకుంది.

"నేను ఆవిణ్ణి అడగను" అంది చివరికి. "కానీ మీరంతా నాకోసం, నా పిల్లాడి కోసం అడుగుతామంటే, వద్దనడానికి నాకు నోరు రాదు. ఆవిడకి వినబడుతుందో లేదో నాకు తెలీదు. దేవుడికైతే వినబడుతుందిగా, మీరు మాట్లాడేది."

"పన్నెండే ఉండాలి" అంది శెవయె అక్క. గొంతులో ఇందాకటి పదును లేదు. "అపొస్తలులు పన్నెండుమంది. ఫంతాయెతో పదమూడవుతాయి."

"క్రీస్తుని అమ్మిన యూదా చోటు ఖాళీ అయితేనే కదమ్మా అందులో మత్తీయని వేశారు?" అన్నారు గురువుగారు, పుస్తకంలోంచి తలెత్తకుండా. "ఈవిడ ఎవర్ని అమ్మింది? పదమూడు చదవడానికి నా నోరేం అరిగిపోదు." 

ఆయన పెన్సిలు తీసి, ఫంతాయె బాప్తిస్మం పేరు చెవిలో అడిగి, అడుగున రాసుకున్నారు. తర్వాత చదవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరుకీ అందరూ "తల్లీ, ఈవిడ మాట నీ కొడుకుతో చెప్పు" అన్నారు. పదకొండు పేర్లయ్యాయి. 

"వెలెత్త మరియం." 

మరియ కూతురు అని ఆ పేరుకి అర్థం. పుట్టిన ఎనభయ్యో రోజున, పసిగుడ్డుగా ఉన్నప్పుడు, బాప్తిస్మంలో వర్కెకి పెట్టిన పేరు. గడప అవతల వర్కె తల కొంచెం వంచింది, ఎవరో వెనకనుంచి పిలిస్తే ఆగినట్టు. ఆవిడ పెదవులు కదలలేదు. కాని మిగతా అందరి గొంతులూ, శెవయె అక్కదీ, కొత్తది ఫంతాయెదీ, ఒక్కటిగా లేచాయి. అత్సెదెది అందరికంటే ఆలస్యంగా లేచింది. ఏడుపు అడ్డొచ్చింది.

బతికున్నవాళ్ళ పేర్లు అయ్యాయి. గురువుగారు ఊపిరి పీల్చుకున్నారు. దెసాలెన్ పేరు చదివారు. మళ్ళీ ఊపిరి పీల్చుకోబోతుంటే, గడప బయటినుంచి వర్కె స్పష్టంగా, గట్టిగా "ఆమెన్" అంది. ఆయన ఒక్కక్షణం ఆగి, తల ఊపి, పోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళారు.

అత్సెదె గిన్నె ఎత్తింది. రొట్టె విరిచారు. వాకిట్లోంచి దెబ్రె బిర్హాన్ గాలి తిన్నగా లోపలికి కొడుతోంది. శాలువాలు రెపరెపలాడుతున్నాయి. కొవ్వొత్తి ఆరిపోతే మళ్ళీ వెలిగించారు.

"లోపలికొచ్చి కూచో. మోకాళ్ళు గడ్డకడుతున్నాయి నాకు" అంది శెవయె అక్క వర్కెతో, అటు చూడకుండానే.

"కూచోనక్కా. చెప్పానుగా."

"అయితే వెళ్ళు. తలుపేసుకుంటాం."

"పాట అయ్యాక వెళతాను. మీ పాట బాగుంటుంది."

మూలనుంచి ఫంతాయె చటుక్కున లేచి తలుపు దగ్గరికి వచ్చింది, కొత్తగా వచ్చినదాన్ని, పనికొస్తానని చూపించుకోవాలన్నట్టు. చెయ్యి గడియ మీద వేసింది.

"ఏయ్, ఎవరే నీకు చెప్పింది?" అంది శెవయె అక్క. శాలువా మోకాళ్ళ మీదికి లాక్కుని, తెరిచున్న తలుపు రెక్కకి వీపు ఆనించి, ఇంకొంచెం బరువుగా కూచుంది. "చలిదేముంది, ఇంకో గుటక తాగితే పోతుంది. ఇటివ్వండి ఆ గిన్నె."